డాబా మీద గెలిచిన టెంట్

అనగనగా అనకాపల్లిలో ఒక బావ, ఒక బామ్మర్ది. బామ్మర్ది బ్యాంకులో గుమస్తా. ఏ వస్తువు కొన్నా డబ్బా మీది అక్షరాలన్నీ చదివి, బిల్లు నాలుగు మడతలు పెట్టి బీరువాలో దాచే రకం. బావ బెల్లం మార్కెట్లో లోడు మేస్త్రీ. ఆయన చదివేది లారీ నంబర్లు, ఆకాశం రంగు. అంతే.

దసరా వెళ్లాక బామ్మర్దికి వంజంగి కొండ మీద మనసు పడింది. పాడేరు దగ్గర ఆ కొండెక్కి తెల్లవారుజామున నిలబడితే మబ్బులు కాళ్ల కిందే పరుచుకుని ఉంటాయని అందరూ చెబుతున్నారు. రాత్రి అక్కడే టెంట్ వేసుకుని పడుకోవాలని నిశ్చయించుకున్నాడు. విశాఖ వెళ్లి టెంటు, స్లీపింగ్ బ్యాగ్, చిన్న గ్యాస్ స్టవ్, వీపు సంచి, బూట్లు కొనుక్కొచ్చాడు. బావకు చూపించాడు.

"ఇది 3000 బావా."

"మూడు వేలా? ఆ డబ్బుకి ఎంత టార్పాలిన్ వస్తాదో తెల్సా?"

"రేటు కాదు బావా. నీళ్లాపే లెక్క. ఇదేమో స్లీపింగ్ బ్యాగ్. సున్నా డిగ్రీలని రాశాడు చూడు. దీని కింద పరుచుకోడానికి ఓ మ్యాట్ కూడా కొనాలంట."

"నేల మీద పడుకోడానికి మళ్లీ పరుపేటి? దండగ. నేను పుట్టి బుద్ధెరిగాక నేల మీదే పడుకున్నాను."

బావ మాట కాదనలేక బామ్మర్ది మ్యాటు మానేశాడు. మిగతావన్నీ మాత్రం పరీక్షించకుండా బయలుదేరేది లేదన్నాడు. ఓ నోటుపుస్తకం తీసి గళ్లు గీశాడు. డాబా మీద టెంట్ వేసి, మోటారు పైపుతో అరగంట సేపు నీళ్లు కొట్టాడు. పక్కింటివాళ్లు పిట్టగోడ మీంచి తొంగిచూశారు. లోపల చుక్క పడలేదు. పదికి పది. స్లీపింగ్ బ్యాగును మంచం మీద పరిచి, ఏసీ 18కి పెట్టి దూరాడు. పావుగంటలో చెమటలు పట్టి బయటికొచ్చాడు. పదికి పది. స్టవ్ మీద వంటింట్లో టీ మరిగించాడు. సంచిలో రెండు దిళ్లు కుక్కి అద్దం ముందు అటూ ఇటూ నడిచాడు. బూట్లేసుకుని కాలేజీ గ్రౌండు చుట్టూ తిరిగాడు. అన్నిటికీ పదికి పదే.

పుష్యమాసం వచ్చింది. ఇద్దరూ బస్సెక్కారు. దారిలో మాడుగుల హల్వా కట్టించుకున్నారు. ఆ ప్రయాణంలో ఎవరూ తప్పుపట్టలేని సరుకు అదొక్కటే. బావ ఒక పాత నూలు బొంత చంకన పెట్టుకొచ్చాడు. కట్టుకున్నది జీన్సు. కొండ కింద టెంట్లు వేసుకోనిచ్చే చోట ఇద్దరూ దిగేసరికి పొద్దు వాలింది. రాత్రయ్యేకొద్దీ చలి ఏడు డిగ్రీలకు పడింది.

ముందు స్టవ్ మొరాయించింది. వంటింట్లో బుస్సున మండిన మంట ఇక్కడ సన్నగా, నీరసంగా వెలిగింది. టీ మరగనేలేదు, గోరువెచ్చగా తాగారు. చలిగాలి దూరుతుందని బామ్మర్ది టెంటు జిప్పులన్నీ మూసి, పైనున్న చిన్న కిటికీలు కూడా బిగించేశాడు. సున్నా డిగ్రీల బ్యాగులో దూరాడు. పైనుంచి వెచ్చగానే ఉంది. వీపు కింద మాత్రం నేల మంచులా తగులుతోంది. పక్కన బావ బొంతలో ముడుచుకుని వణుకుతున్నాడు. అర్ధరాత్రి ఆయన లేచాడు.

"బయట నెగడు కాడ బొగ్గులున్నాయి. గమేలాలో ఏసి లోపలికి తెస్తాన్రా."

"వద్దు బావా! లోపల నిప్పు పెట్టొద్దని టెంట్ సంచి మీద రాసుంది."

"రాతలకేం, రాస్తారు."

"బావా, నీకు దండం పెడతాను. వద్దు."

బావ గొణుక్కుంటూ పడుకున్నాడు. ఆ రాత్రి ఇద్దరూ బతికి బయటపడింది ఆ ఒక్క వాక్యం వల్లనే అని అప్పుడు ఇద్దరికీ తెలీదు.

తెల్లవారుజామున బామ్మర్ది మొహం మీద చుక్క పడింది. ఇంకోటి. టార్చి వేసి చూస్తే టెంట్ గుడ్డంతా నీటి ముత్యాలు. బ్యాగు పైభాగం తడిసింది. బావ బొంత నీళ్లు పీల్చి బరువెక్కింది.

"మోసం బావా! 3000 అని రాసి మోసం చేశాడు. వానకి కారిపోయింది!"

బావ బయటికి తల పెట్టి చూశాడు. నక్షత్రాలు. ఒక్క మబ్బు లేదు. పాకుతూ వెళ్లి కుట్లన్నీ తడిమాడు, నేల తడిమాడు. నేల పొడిగానే ఉంది. నీళ్లన్నీ గుడ్డకు లోపలి వైపే అంటుకుని ఉన్నాయి. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఒరే, ఓ పాలి చలికాలంలో తడారని బెల్లం లోడెత్తాం. మంచు పడతాదని టార్పాలిన్ నాలుగేపులా బిగించి కట్టేను. తెల్లారి దింపితే పై వరస దిమ్మలు పాకం కారిపోతన్నాయి. దార్లో వాన కొట్టిందని సేటు గోల. వాన చుక్క లేదు. బెల్లంలోని చెమ్మే పైకి లేచి, చల్లటి టార్పాలిన్‌కి తగిలి, మళ్లీ బెల్లం మీదే పడింది. నిన్ను తడిపింది వాన కాదురా. నువ్వే. నేనూను."

మబ్బుల సంగతా? చూశారు. తడి బట్టలతో ఎక్కి, వణుకుతూ చూశారు. దిగేటప్పుడు బామ్మర్ది బొటనవేళ్లు అడుగడుక్కీ బూటు ముందుకు కొట్టుకుని, అనకాపల్లి చేరేసరికి గోరు నల్లబడింది.

మర్నాడు బిల్లు, నోటుపుస్తకం పట్టుకుని విశాఖలో దుకాణదారు దగ్గరికి వెళ్లాడు. పరీక్షలన్నీ చేశాననీ, అన్నీ పదికి పది వచ్చాయనీ, అయినా ఇలా జరిగిందనీ చెప్పాడు. ఆ ముసలాయన కళ్లద్దాలు సవరించుకుని పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"అన్నీ బాగానే రాశారు. కానీ ఇందులో ఒక్క రాత్రి కూడా లేదేంటండీ?"

డబ్బు మాత్రం వెనక్కివ్వలేదు. పైగా ఓ మ్యాట్ అమ్మాడు.

నీతి

ఏ పరీక్షయినా తాను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. డాబా మీది పైపు వాన గురించి అడిగింది, టెంట్ నిజాయితీగా జవాబిచ్చింది. ఇద్దరు మనుషులు రాత్రంతా లోపల ఊపిరి వదిలితే ఏమవుతుందని ఎవరూ అడగలేదు.

టెంట్ మీది 3000 అబద్ధమేమీ కాదు. గుడ్డ ముక్కను బిగించి, ఒక వైపు నుంచి నీటి ఒత్తిడి పెంచుతూ పోతారు. రెండో వైపు మూడు చోట్ల చుక్కలు కనబడిన క్షణాన ఆ ఒత్తిడి ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీటికి సమానమో, అదే ఆ అంకె. అంటే మూడు మీటర్ల నీటి బరువుకు ఓర్చుకునే గుడ్డ. బయటి నీళ్లను లోపలికి రానివ్వని గుడ్డ లోపలి ఆవిరిని బయటికెలా పోనిస్తుంది? మనిషి ఒక రాత్రిలో ఊపిరితో, ఒంటి చెమ్మతో వదిలే నీరు గ్లాసుడు దాకా ఉంటుంది. మబ్బులేని రాత్రి టెంట్ గుడ్డ తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. ఆవిరి దానికి తగిలి నీరవుతుంది. అందుకే మంచి టెంట్లకు లోపల వలగుడ్డ, దానికి ఎడంగా పైన ఇంకో కప్పు, గాలి ఆడే కిటికీలు పెడతారు. చలికి భయపడి వాటిని మూసేయడం అందరూ చేసే పనే. ఎంత చలిగా ఉంటే అంత తెరవాలి అంటే ఎవరు మాత్రం నమ్ముతారు!

స్లీపింగ్ బ్యాగ్ అంకె కథ ఇంకా తమాషాగా ఉంటుంది. దాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం పేరు ఐఎస్ఓ 23537. వేడి చేయడానికి వీలున్న మనిషి బొమ్మకు ఒంటినిండా లోదుస్తులు, మేజోళ్లు తొడిగి, బ్యాగులో పెట్టి చల్లటి గదిలో పడుకోబెడతారు. ఆ బొమ్మ కింద మ్యాట్ ఉంటుంది. బావ దండగన్న మ్యాట్ అంకెలోనే కలిసి ఉందన్నమాట. ఒంటి బరువుకు కింద నలిగిపోయిన దూదికి గాని, ఈకలకు గాని వేడిని ఆపే శక్తి పెద్దగా ఉండదు. ఆ పని చేసేది మ్యాటే. పైగా ఆ కొలత నుంచి ఒక్క అంకె రాదు, చలి వరకే మూడొస్తాయి: ఒకటి హాయిగా పడుకునే చలి, ఒకటి ముడుచుకుని ఎలాగో నిద్రపోయే చలి, మూడోది ప్రాణం నిలుపుకోవడానికి పెనుగులాడే చలి. సంచి మీద పెద్దక్షరాల్లో ఉన్న సున్నా ఈ మూడింట్లో ఏదో చూడాలి. ఏ ప్రమాణం పేరూ లేకుండా ఉత్త సున్నా ఉంటే అది అమ్మేవాడి అభిప్రాయం.

స్టవ్‌దీ అంతే. చౌకగా దొరికే డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. అది ద్రవం నుంచి వాయువుగా మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. మండేకొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడుతుంది కాబట్టి, బయట ఏడు డిగ్రీలున్నా లోపల సున్నాకు దగ్గరై మంట నీరసిస్తుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బాకు ఈ జబ్బు తక్కువ. అనకాపల్లి వంటింట్లో ఈ సంగతి ఏ జన్మకూ బయటపడదు.

ప్రశ్న మారితే జవాబు మారుతుందనడానికి గట్టి ఉదాహరణ ఎవరెస్టు మీదే ఉంది. పర్వతారోహకుడు జార్జ్ మాలరీ 1924 జూన్‌లో అక్కడ కనబడకుండా పోయాడు. 1999లో శవం దొరికింది. పట్టు, నూలు, ఉన్ని పొరల మీద గ్యాబర్డిన్ కోటు వేసుకుని ఆ ఎత్తుకు పోవడమేమిటని చాలామంది నవ్వారు. 2006లో అచ్చం అలాంటి బట్టలే కుట్టించుకుని గ్రాహం హోయ్‌లాండ్ అనే పర్వతారోహకుడు ఎవరెస్టు మీద వేసుకు చూశాడు. నడిచేటప్పుడు తేలిగ్గా, వెచ్చగా ఉన్నాయన్నాడు. వాటితో రాత్రి బయట కూర్చోవాల్సి వస్తే మాత్రం బతకడం కష్టమన్నాడు. బట్టలు అవే. నడుస్తున్న మనిషిని అడిగితే ఒక జవాబు, ఆగిపోయిన మనిషిని అడిగితే ఇంకొకటి.

మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆమె శిక్షణ భువనగిరి గుట్ట మీద మొదలైంది. తాడు, పట్టు, గుండె ధైర్యం అక్కడ తేలతాయి. చలి తేలదు. అందుకే ఆ తర్వాత లద్దాఖ్ చలిలోకి తీసుకెళ్లారు.

మనకు అంత దూరం అక్కర్లేదు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కోతైపోయిన చేలో టెంట్ వేసి, కిటికీలు తెరిచి, తెల్లారేదాకా పడుకుంటే చాలు. మూడింటికి వణుకు పుడితే ఇంటి గడప పదడుగుల్లో ఉంటుంది. లీటరు నీళ్లంటే కిలో. సంచిలో దిళ్లకు బదులు నీళ్ల సీసాలు నింపి ఐదంతస్తుల మెట్లు ఎక్కి దిగండి. దిగడం ముఖ్యం. వేలు బూటుకు కొట్టుకునేది దిగేటప్పుడే. బూట్లు సాయంత్రం, పాదం కాస్త ఉబ్బినప్పుడు, మందపాటి మేజోళ్లతో కొనండి. కొనేముందు అద్దెకు తెచ్చుకుని ఒక రాత్రి గడిపితే ఇంకా మేలు. ఎంత కాదన్నా బామ్మర్ది ఖర్చంతా మనం పెట్టనవసరం లేదు కదా.

సొంతంగా పరీక్షించి చూడకూడనిది ఒకటే ఉంది: బావ తెస్తానన్న గమేలా. నిప్పులు కనకనలాడుతూ పొగ లేకుండా ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పితో మొదలై మత్తులోకి జారుస్తుంది, నిద్రలో ఉన్నవాడికి ఆ తలనొప్పి కూడా తెలియదు. స్టవ్ కూడా టెంట్ బయటే వెలిగించాలి. మరీ చలేస్తే నీళ్లు బయట కాచి, గట్టి మూత ఉన్న స్టీలు సీసాలో పోసి, గుడ్డ చుట్టి బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి.