దాచుకోవడం తప్పా?

దాచుకునేవాణ్ణి లోకం రెండు పేర్లతో పిలుస్తుంది. నచ్చితే జాగ్రత్తపరుడు అంటుంది, నచ్చకపోతే పిసినారి అంటుంది. చేసే పని ఒక్కటే కదా, మరి తేడా ఎక్కడుంది? ఒక చిన్న పిట్టను చూస్తే కొంత తెలుస్తుంది.

కోల్ టిట్ అనే పాటల పిట్ట యూరప్, ఆసియా ఖండాల సూదాకుల అడవుల్లో ఉంటుంది. మన దేశంలో హిమాలయాల దేవదారు అడవుల్లో కనిపిస్తుంది. బరువు 9, 10 గ్రాములు. అంటే 10 రూపాయల నాణెం కంటే కొంచెం ఎక్కువ, అంతే. వేసవిలో ఆకుల మధ్య సాలీళ్ళను, పురుగులను ఏరుకుని తింటుంది. చలికి ముందు చెట్ల కాయల్లోంచి గింజలు తీసి, బెరడు పగుళ్ళలోనూ ఆకుల గుత్తుల్లోనూ ఒక్కోచోట కొంచెంగా దాస్తుంది. మంచు కురిసే రోజుల్లో ఆ గింజలే దాని ప్రాణం.

మన మదురైకి దగ్గరి కొడైకెనాల్ కొండల్లో ఇదే కుటుంబం పిట్ట ఇంకొకటి ఉంది. నల్లని తల, తెల్లని బుగ్గలు, బూడిదరంగు వీపు. దానికి గింజలు దాచే అలవాటు లేదు. అంతమాత్రాన ఒకటి పిసినారి, ఇంకొకటి సోమరి అనగలమా? అనలేం. దేని బతుకు దానిది.

పిట్ట దాచిన గింజను వేరే పిట్ట తింటే దీనికి పస్తే. మనిషికి తిండి, డబ్బు అలాంటివే. పంచితే తగ్గుతాయి. మన అవ్వలు విత్తనాల వడ్లు వేరే కుండలో దాచి ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. అది పిసినారితనం కాదు, వచ్చే ఏటి అన్నం. కానీ పక్కింట్లో పొయ్యి వెలగకపోయినా అవసరానికి మించి దాచుకుంటే అది తప్పే.

పంచినా తగ్గనివి కూడా ఉన్నాయి. పరీక్ష ముందు నోట్సు దాచే విద్యార్థికి పిట్టకున్న సాకు లేదు. స్నేహితుడికి ఒక లెక్క చెబితే మన తలలో అది తగ్గదు, ఇంకా గట్టిపడుతుంది. భాషా అంతే. నాయక రాజుల కాలం దాటి ఈ ఊళ్ళలో తెలుగు ఇంటిమాటగా నిలిచింది. అవ్వకు తెలిసిన సామెతను మనం అడక్కపోతే అది ఆవిడతోనే పోతుంది. పిట్ట చచ్చిపోయినా అది దాచిన గింజ ఇంకో పిట్టకు దొరకొచ్చు. చెప్పకుండా దాచిన మాట మాత్రం ఎవరికీ దొరకదు.

అందుకే దాచేముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఇది ఇస్తే నాకు తగ్గుతుందా? తగ్గేదైతే అవసరమంత దాచుకుందాం. తగ్గనిదైతే ఇవాళే ఇచ్చేద్దాం.