ఒక మూల ఎత్తి చూస్తే

మా పెద్దవాళ్ళ కాలంలో వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో మనుషులు లేరని లెక్క. బరంపురం పాతపేటల్లో తెలుగిళ్ళ ముందు నేలంటే ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గేసిన నేలే. గరిక తలెత్తితే వేళ్ళతో పీకేసేవారు. వినాయక చవితి వచ్చిందంటే మళ్ళీ ఆ గరిక కోసమే చెరువుగట్లు వెతికేవారు. ఇప్పుడు గోపాల్‌పూర్ రోడ్డు వైపు లేచిన కొత్త కాలనీల్లో గేటు తీయగానే పచ్చిక కనిపించాలి. చదరపు అడుగు లెక్కన డబ్బు పోసి గడ్డి కొంటున్నాం. అందులో తప్పు పట్టాల్సింది నాకేమీ కనిపించదు. పొద్దున్నే చెప్పులు విడిచి దాని మీద నడిచే ముసలివాళ్ళ ముఖాలు చూసినవారెవరూ అది డాబు కోసమని అనలేరు. కాకపోతే డబ్బిచ్చి తెచ్చుకున్న పచ్చదనం మీద మనకొక హక్కు పుడుతుంది. పరిచిన పూటనుంచీ అది పచ్చగానే ఉండి తీరాలి. రెండో వారంలో పసుపుకు తిరిగిందా, ఎవరో మనల్ని మోసం చేసినట్టే ఉంటుంది.

మా అప్ప వాళ్ళ కొత్తింటికి వైశాఖంలో గృహప్రవేశం అయింది. గడ్డి కడియం నుంచి వచ్చింది. గోదావరి పక్కన కడియం, కడియపులంక నర్సరీల్లో పెంచిన గడ్డిని పలుచటి మట్టిపొరతో సహా షీట్లుగా కోసి, దొంతరలు పేర్చి, లారీలో పదహారో నంబరు జాతీయ రహదారి మీదుగా తెస్తారు. కోసినంత మాత్రాన గడ్డి ప్రాణం ఆగదు. అది ఊపిరి తీస్తూనే ఉంటుంది, దొంతరలో ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. అందుకే మధ్యలో ఇరుక్కున్న షీట్లు దింపేసరికే పాలిపోయి ఉంటాయి. అది నర్సరీవాళ్ళ తప్పు కాదు, ఎండాకాలపు ప్రయాణం అలాంటిది. పైగా కోత పడినప్పుడే వేళ్ళలో ఎక్కువ భాగం పాత నేలలో ఉండిపోతుంది. మనింటికి చేరేది ఆకూ, తీగా, అంగుళం మందం మట్టీ. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నది గోదావరి నీళ్ళు తాగి పెరిగిన పచ్చదనాన్ని. బరంపురం పచ్చదనం అప్పటికింకా పుట్టలేదు.

రోజులు గడిచేసరికి అప్ప వాళ్ళ పచ్చిక పసుపెక్కింది. ఆ పసుపెక్కడం గురించి నేను చాలా ఆలోచించాను. నత్రజని చాలకపోతే మొక్క తన పాత ఆకుల్లోని పత్రహరితాన్ని తానే విప్పేసి, అందులోంచి తీయగలిగినంత తీసి, కొత్త చిగురుకూ కొత్త వేరుకూ పంపుతుంది. మనకు నష్టంగా కనబడేది మొక్క లెక్కలో ఖర్చు. ఉన్నది ఎక్కడ పెట్టాలో దానికి తెలుసు. అలా ఖర్చయిపోయి ఎండిన ఆకు మనం ఏం పోసినా మళ్ళీ పచ్చబడదు. కింద, నేలకు ఆనుకుని ఉన్న మొదలు బతికుంటే అక్కడినుంచి మరో ఆకు వస్తుంది. బాగుపడటం అంటే పోయింది తిరిగి రావడమని మనం అనుకుంటాం. గడ్డి ఆ పని ఎప్పుడూ చేయదు.

ఇంకో రకం పసుపు ఉంది. లేత ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము అందలేదని దానర్థం. మా వైపు ఎర్రమట్టికి ఆ ఎరుపు ఇచ్చిందే ఇనుము, అయినా మొక్కకు ఇనుము కరువు! ఇల్లు కట్టినన్నాళ్ళూ రాలిన సిమెంటూ, సున్నమూ, గోడలు చెక్కిన పెళ్ళలూ ఆ మట్టిలో కలిసి క్షారం పెంచుతాయి. అప్పుడు ఇనుము అక్కడే ఉంటుంది, వేరుకు మాత్రం అందదు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు మరో పని తోచలేదు.

పచ్చిక పసుపెక్కిందంటే సలహాలకు కొదవుండదు. రెండు గుప్పిళ్ళు యూరియా చల్లమన్నారు పక్కింటివారు. వేరు పట్టని గడ్డి మీద, ఆ ఎండలో యూరియా పడితే మిగిలిన ఆకు కూడా మాడిపోతుంది. పూటపూటకూ తడపమన్నారు మరొకరు. నీళ్ళు నిలిస్తే వేరుకు గాలి ఆడక, ఎండిన గడ్డికి వచ్చే పసుపే తడిసిన గడ్డికీ వస్తుంది. రెండూ పైనుంచి చూస్తే ఒకలాగే ఉంటాయి. కరువు రోజుల్లో, 2014, 2015 ప్రాంతాల్లో, కాలిఫోర్నియాలో ఎండిన లాన్లకు పచ్చరంగు కొట్టించుకున్నారు. చదివినప్పుడు నవ్వు రాలేదు, భయమేసింది. కంటికి కావలసింది కంటికి ఇచ్చేస్తే వేరు సంగతి అడిగే నాథుడుండడు. ఆకు రంగు ఆలస్యంగా అందే కబురు. కింద జరిగింది పైన కనబడటానికి రోజులు పడుతుంది, మనం చేసిన మంచి పైన కనబడటానికి మళ్ళీ అన్ని రోజులు. ఈ రెంటి నడుమ మనిషి ఊరుకోలేడు. చేతులు కట్టుకుని కూర్చుంటే ప్రేమ లేనట్టు అనిపిస్తుంది. అందుకని చేస్తాడు, ఏదో ఒకటి.

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు చూస్తే మా వీధి చివరి వేపకు ఉన్న కాస్త ఆకూ మాడి గోధుమరంగులో వేలాడుతోంది. ఆకు రంగు చూసి ఆ పక్క చెట్టును కొట్టేశారు. ఈ వేపను కొట్టడానికి మనిషి దొరక్క వదిలేశారు. అదిప్పటికీ నీడనిస్తోంది.

అప్ప ఇంట్లో తోటపని చేసే ముసలాయనది ఆస్కా వైపు పల్లె. తెలుగు బాగానే మాట్లాడతాడు, మధ్యమధ్య ఒడియా దొర్లుతుంది. ఆయన వచ్చి ఎరువు అడగలేదు, పైపు అడగలేదు. గొంతుక్కూచుని ఒక షీటు అంచు కింద నాలుగు వేళ్ళు దూర్చి మెల్లగా పైకి లాగాడు. అది లేచి వచ్చింది. ఇంకోచోట లాగాడు. అక్కడ కొంచెం లేచి ఆగింది. చటుక్కున వదిలేసి అరచేత్తో అదిమాడు.

లేచిన మూల తిరగేసి చూపించాడు. అప్ప వాళ్ళ కాలనీ ఒకప్పటి వరిపొలం, మొరం పోసి ఎత్తు చేశారు. పైన అంగుళం మందాన కడియం ఒండ్రు, నల్లగా, జిగురుగా, పిండితే నీరు కారేలా ఉంది. దాని కింద మొరం పొడిగా గరగరలాడుతోంది. మెత్తటి మట్టిలోని నీరు గరుకు మట్టిలోకి అంత తేలిగ్గా దిగదు. పైపొర నిండా నానాక గానీ కదలదు. ఇన్నాళ్ళూ అప్ప పోసిన నీళ్ళన్నీ ఆ అంగుళంలోనే ఆగాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన. అయినా ఆ బురద అడుగున, దారప్పోగుకన్నా సన్నగా, తెల్లటి వేళ్ళు నాలుగైదు మొరం వైపు తిరిగి ఉన్నాయి. ఒకటి గోరంత దిగింది కూడా. పైనేమో ఆ షీటు మొత్తంలో అన్నిటికన్నా పసుపెక్కిన చోటు అదే.

ఆయన గునపంతో జానెడు ఎడంలో పొడుచుకుంటూ పోయి, ఆ బెజ్జాల్లో చివికిన గెత్తం, ఇసుక కలిపి కూరాడు. రోజుకు రెండుసార్లు పైపైన తడపడం ఆపి, రెండు రోజులకోసారి లోతుగా దిగేలా పెట్టమన్నాడు. నీళ్ళు పైనే దొరుకుతుంటే వేరు కిందికి ఎందుకు పోతుంది?

అప్పకు మర్నాడే చూడాలనిపించింది. మళ్ళీ ఓ మూల ఎత్తబోయింది.

“రోజూ ఎత్తితే అదెప్పుడు పట్టుకుంటది అమ్మా?” అన్నాడాయన. “మా అబ్బాయి సూరత్ వెళ్ళిన కొత్తలో రోజూ ఫోను చేసేవాణ్ణి. తిన్నావా, నిద్ర పట్టిందా, ఒళ్ళెలా ఉందని. రోజూ ఏడుపే. వారానికోసారి చేస్తే పని కబుర్లు చెప్పాడు.”

గంజాం జిల్లాలో ఈ మాట అర్థంకాని ఇల్లు తక్కువ. ఇక్కడినుంచి సూరత్ మరమగ్గాల మీదికి వెళ్ళినవాళ్ళు లక్షల్లో ఉంటారు. ఆయన మాట నన్ను వదల్లేదు. చూడకుండా తెలియదు, చూడటానికి ఎత్తాలి, ఎత్తితే అప్పుడప్పుడే పట్టుకుంటున్న వేరు తెగుతుంది. మనకు తెలియడం కోసం అది మూల్యం చెల్లించాలి. అలాగని అసలు చూడకపోతే అది ఓర్పు అనిపించుకోదు. ఆయన ఒకే మూల ఎత్తాడు, తెలియవలసినంత తెలియగానే అదిమేశాడు. పిల్లల విషయంలో, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి విషయంలో, ఒంట్లో బాగాలేక కోలుకుంటున్న మనిషి విషయంలో మనం ఎత్తే మూలలు ఎన్ని! వాటిలో ఎన్ని వాళ్ళ కోసం, ఎన్ని మన స్థిమితం కోసం అని లెక్కేసుకుంటే నాకు కష్టంగా ఉంటుంది.

జూన్ నడిమికి వానలు దిగాయి. చాలామట్టుకు కొత్త ఆకు వచ్చింది, లారీలోంచి దిగిన రంగు కాదు, కాస్త ముదురు. గేటు పక్క మూల మాత్రం ఎండుగడ్డి రంగులోనే ఉండిపోయింది. అక్కడ ముసలాయన అంచు ఎత్తలేదు. ఒక కాడను మొదలంటా గిల్లి వేళ్ళ మధ్య నలిపాడు. లోపల తెలుపు లేదు, గోధుమరంగు పొడి రాలింది.

“ఇది పోయింది.”

“ఇంకో నాలుగు వానలు పడితే రాదా?” అంది అప్ప.

“దీనికి వాన సరిపోదమ్మా. తవ్వాలి.”

మేస్త్రీలు కాంక్రీటు కలిపిన చోటది. మోకాలి లోతున తవ్వితే సిమెంటు గడ్డలు, మార్బుల్ ముక్కలు, చిరిగిన బస్తా ఒకటి బయటపడ్డాయి. అన్నీ తట్టలకెత్తి పారబోసి, ఎర్రమట్టీ గెత్తమూ నింపాడు. ఈ పాటి మూలకు కడియం కబురు పెట్టక్కర్లేదని, బాగా పట్టిన చోటునుంచే నాలుగు దుబ్బులు తీసి, తీగ కణుపు మట్టిలో ఉండేలా విడివిడిగా నాటాడు. అల్లుకోవడానికి శ్రావణం దాటుతుందన్నాడు. అంతవరకూ గేటు తీయగానే కనబడేది ఆ బోడి నేలే. అప్ప అందుకు ఒప్పుకుంది గానీ, వచ్చినవాళ్ళు అడిగితే ఏం చెప్పమంటావని నన్నడిగింది. తవ్వించామని చెప్పమన్నాను.