ఎవరి కంటికి వెలుగు?

మా పెదనాన్న కొడుకు ఉండేది టెక్సాస్‌లో. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, పిచ్చి మాత్రం అక్వేరియం. బంగారు చేపల గాజుతొట్టి కాదు. ఉప్పునీళ్ళు, బతికున్న పగడాలు, ఇంట్లో ఓ సముద్రపు ముక్క. పోయిన డిసెంబరులో విశాఖ వచ్చినప్పుడు మనిషి ఇక్కడున్నాడే గానీ మనసంతా అక్కడ కొత్తగా కట్టిస్తున్న తొట్టి మీదే. ఏడడుగుల పొడవు, రెండున్నర అడుగుల లోతు. గాజు కుదిరింది, పంపులు కుదిరాయి, లైట్లే కుదరలేదు. "పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంత ఆలోచించలేదురా" అన్నాడు. పక్కనే ఉన్న వదిన "ఆ సంగతి తెలుస్తూనే ఉంది" అంది.

మర్నాడు పొద్దున్నే కిరండూల్ రైలెక్కి బొర్రా గుహలకి బయల్దేరాం. 1960ల్లో ఈ లైను వేసింది మనకి అరకు అందాలు చూపించడానికి కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి. లైను మొత్తం మీద 58 సొరంగాలంటారు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలూ పెద్దలూ కలిసి కేకలు పెడతారు, వెలుతురు రాగానే నవ్వుకుంటారు. ఆ కేకల మధ్యనే అన్నయ్య నాకు లైట్ల పాఠం చెప్పాడు.

వెనకటి రోజుల్లో లోతైన తొట్టి అంటే కళ్ళు మూసుకుని 400 వాట్ల మెటల్ హాలైడ్ బల్బులు వేలాడదీసేవారట. అడుగు దాకా సూటిగా దిగే వెలుగు, ఇసుక మీద అలల నీడలు, చూడ్డానికి అచ్చం సముద్రమే. కానీ నీళ్ళు వేడెక్కుతాయి, బిల్లు మండిపోతుంది, ఏడాదికోసారి బల్బులు మార్చాలి. టీ5 ట్యూబులు వెలుగుని సమంగా పరుస్తాయి గానీ అంత లోతుకి చాలవు. ఇప్పుడంతా ఎల్‌ఈడీలు. వాటి లెన్సు కోణం ఇరుకైతే వెలుగు అడుక్కి వెళ్తుంది, కానీ మచ్చలు మచ్చలుగా పడుతుంది. వెడల్పైతే సమంగా పడుతుంది, కానీ కింద పలచబడిపోతుంది. రెండున్నర అడుగుల నీళ్ళు మింగేసే వెలుగు తక్కువే. అది చెదిరిపోవడమే అసలు నష్టం. అడుగున ఉన్న పగడానికి సరిపడా వెలుగు పంపుదామంటే పైనున్నది మాడుతుంది. పైదానికి సరిపెడితే కిందది ఎండుతుంది.

"లక్స్ మీటరు పెట్టి కొలుచుకోవచ్చుగా?" అన్నాను, నాకూ ఏదో తెలిసినట్టు.

"లక్స్ మన కంటి కొలతరా. పగడానిది కాదు" అన్నాడు.

ఆ మాట దగ్గరే ఈ వ్యాసం మొదలైంది. మనిషి కన్ను పసుపూ ఆకుపచ్చా కలిసే చోట, సుమారు 555 నానోమీటర్ల దగ్గర, బాగా పనిచేస్తుంది. లక్స్ లెక్క కట్టింది ఆ కన్నుని బట్టే. ముదురు నీలం మనకి మసగ్గా ఉంటుంది కాబట్టి లక్స్‌లోనూ తక్కువే పలుకుతుంది. కానీ పగడం కండలో కంటికి కనపడని నాచు ఒకటి కాపురముంటుంది. నీలం వెలుగు తాగి, పిండివంట చేసి, పగడానికి చాలావరకూ తిండి పెట్టేది అదే. కాబట్టి అక్వేరియం వాళ్ళు కొలిచేది 'పార్'. అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య, చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని కాంతి కణాలు పడుతున్నాయన్న లెక్క. కొమ్మలు కొమ్మలుగా పెరిగే రాతి పగడాలకి 250 పైన కావాలి. మెత్తటి పగడాలు 100 దగ్గరా బతికేస్తాయి. మరీ ఎక్కువైతే, ముఖ్యంగా నీళ్ళు కూడా వేడెక్కితే, పగడం తనలో ఉన్న నాచుని తనే బయటికి తోసేసి తెల్లబోతుంది. వెలుగే తిండి అయిన ప్రాణికి కూడా వెలుగు విషం కాగలదు.

(మధ్యలో ఒక మాట. మన దేశంలో రాతి పగడాలు పులితో పాటు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రంలోంచి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే నేరం. అన్నయ్య కొనేవి అక్కడ తొట్లలోనే పెంచి, విరిచి అమ్మే ముక్కలు. ఆ ముక్కల నీతి ఏమిటన్నది ఇంకో వ్యాసం.)

గుహలోకి దిగాం. బొర్రా సుమారు 80 మీటర్ల లోతు. పైనుంచి వేలాడే స్తంభాలూ, కిందనుంచి లేచే స్తంభాలూ, బొట్టు బొట్టుగా కారిన నీళ్ళు వదిలిన సున్నం పేరుకుని తయారైనవి. అన్నయ్య ఒక స్తంభం ముందు ఆగి, "ఇదీ పగడం ఎముకా ఒకటే. కాల్షియం కార్బొనేట్. అది వెలుగులో కట్టుకుంటుంది, ఇది చీకట్లో కట్టుకుంది" అన్నాడు. దాని మీద ఎర్ర దీపం, పక్కదాని మీద ఆకుపచ్చ, దూరంగా నీలం. జనం ఫోటోలు తీసుకుంటున్నారు. శివపార్వతులు, ఋషి గడ్డం, మొసలి అంటూ గైడు ఒక్కో ఆకారాన్నీ చూపిస్తున్నాడు. దగ్గరి ఊరి కుర్రాడే.

ఒక దీపం దగ్గర రాయి పచ్చగా ఉంది. పెయింటేమో అనుకున్నాను. వేలు పెట్టబోతే గైడు ఆపాడు. "నాచు సార్. దీపం దగ్గరే వస్తాది. ఇంకెక్కడా రాదు."

దీనికి శాస్త్రంలో పేరుంది, లాంపెన్‌ఫ్లోరా. జర్మన్ మాట, దీపపు మొక్కలని అర్థం. మనుషుల బట్టల మీదా గాలిలోనూ వచ్చిన బీజాలు తడిరాయి మీద పడి ఉంటాయి. చీకట్లో వాటికి దిక్కులేదు. దీపం వెలిగితే లేస్తాయి. వాటినుంచి వచ్చే ఆమ్లాలు వేల ఏళ్ళు పట్టి పేరుకున్న రాతిని మెల్లగా తినేస్తాయి. ఫ్రాన్స్‌లో లాస్కో గుహ కథ ఇదే. 1940లో బయటపడింది, 1948లో జనానికి తెరిచారు, రోజుకి వెయ్యిమందికి పైగా వచ్చేవారు. వేల ఏళ్ళుగా చీకట్లో చెక్కుచెదరని బొమ్మల మీదికి కొద్ది ఏళ్ళలోనే పచ్చనాచు పాకింది. దీపాలూ, జనం ఊపిరీ కలిసి చేసిన పని. 1963లో మూసేశారు.

అన్నయ్య తొట్టిలో బతకాలని వేడుకునేదీ నాచే. ఇక్కడ రాతిని తినేదీ నాచే. ఒకచోట అల్లుడు, ఒకచోట దొంగ. తేడా నాచులో లేదు, వెలుగులోనూ లేదు. అది పడేచోట ఎవరు కాపురముంటున్నారన్నదే తేడా.

ఇంతలో కరెంటు పోయింది. ఒక్క క్షణం అందరూ సొరంగంలో లాగే అరిచారు. తర్వాత కేకలు ఆగిపోయాయి, ఎందుకంటే ఈ సొరంగానికి అవతలి చివర లేదు. "కదలకండి సార్, వచ్చేస్తాది" అన్నాడు గైడు. అతని గొంతులో కంగారు లేదు. కొంతసేపటికి నీళ్ళ చుక్కల చప్పుడు, గబ్బిలాల రెక్కల చప్పుడు వినిపించాయి. అరగంట నుంచీ అవి అక్కడే ఉన్నాయి, మేమే వినలేదు. ఇంకాసేపటికి వెనక ఎక్కడో పైకప్పులోంచి దిగుతున్న పలచని పగటి వెలుగు కళ్ళకి అందింది. ఇక్కడివాళ్ళు చెప్పే కథలో ఆవు పడింది అలాంటి కంతలోంచే. దాన్ని వెతుక్కుంటూ దిగిన పసులకాపరికి శివలింగం కనిపించిందట. నది పేరు గోస్తని, ఆవు పొదుగు. 1807లో ఒక ఆంగ్లేయుడు ఈ గుహని 'కనుగొన్నాడ'ని మనం రాసుకుంటాం. దీపం పట్టుకుని వచ్చినవాడే కనుగొన్నవాడని మన లెక్క. అది కూడా లక్స్ లెక్కే.

దీపాలు వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా.

ఇక్కడ ఆగిపోతే వ్యాసం తేలిగ్గా ముగుస్తుంది: చీకటి అందమైనది, దీపాలు ఆర్పేద్దాం. కానీ ఆ గైడు బతుకు ఆ దీపాల మీదే ఉంది. దీపాలు లేకపోతే గుహ పరిశోధకులకీ, పెద్దమనుషులకీ తప్ప మా అమ్మలాంటి మోకాళ్ళ నెప్పి మనిషికి ఎప్పటికీ కనపడదు. ఈ కొండల మీద ఊళ్ళకి కరెంటు ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలిసి కూడా, నగరంలో ఏసీ కింద కూచుని చీకటి గొప్పదనం గురించి రాయడానికి కొంచెం సిగ్గుండాలి. పిల్లాడు చదువుకోవడానికి గుడిసెలో వెలిగించిన బల్బూ, ఫోటో కోసం రాతి మీద వెలిగించిన బల్బూ ఒకటి కాదు. మొదటిది ఆ ఇంటివాళ్ళు అడిగింది. రెండోది చూడ్డానికొచ్చినవాళ్ళు అడిగింది.

అడిగిందెవరు? ఈ ప్రశ్న ఈ కొండల్లో కొత్తది కాదు. ఒకప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో పేదరికం పోగొట్టే పథకానికి పేరే 'వెలుగు'. అభివృద్ధి అనగానే మనకి తట్టే మాట అదే. అంతకుముందు ఇదే అనంతగిరి మండలంలో, ఈ బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో, ఇదే సున్నపురాతి కోసం, కాల్సైట్ కోసం గనుల లీజులిచ్చారు. అదీ అభివృద్ధి పేరు మీదే. 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పిచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి బదలాయించకూడదనే నిబంధన ప్రభుత్వానికీ వర్తిస్తుంది, ప్రైవేటు కంపెనీలకి లీజు చెల్లదు. గనుల్లాంటి పనులు జరిగేచోట నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి మనుషుల నీళ్ళకీ, బడికీ, ఆసుపత్రికీ, రోడ్లకీ పక్కన పెట్టాలని కూడా అంది. నాకు ఆ తీర్పు చెప్పే మాట ఇదే: మేలు జరిగిందా లేదా అన్నది మేలు చేసేవాడి మీటరుతో కొలవకూడదు.

గ్రామసభకైతే నోరుంది, అడగొచ్చు. రాతికీ పగడానికీ నోరు లేదే? లేదు, కానీ జవాబు మాత్రం చెబుతాయి. పగడం తెల్లబడితే ఎక్కువైందని, గోధుమరంగుకి తిరిగితే తక్కువైందని. రాయి పచ్చబడితే మీరు ఎక్కువసేపు ఉన్నారని. ఆ జవాబు వినడానికి పెద్ద త్యాగాలేం అక్కర్లేదు. మనుషులు వచ్చినప్పుడే వెలిగి, వెళ్ళగానే ఆరిపోయే దీపాలు పెట్టొచ్చు. రాతికి దూరంగా, దారి మీద పడేలా పెట్టొచ్చు. నాచు ఎక్కువగా తాగేది నీలం, ఎరుపు. తక్కువ తాగేది పసుపు. కాబట్టి గుహలో రంగురంగుల దీపాల బదులు పలచటి పసుపు దీపం పెట్టొచ్చు. ఫోటో బాగా రాదు, అంతే.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య పెద్దగా మాట్లాడలేదు. ఒకటే అన్నాడు, "నీలం లైట్లు బాగా పెంచితే పగడాలు నియాన్ బోర్డుల్లా వెలుగుతాయిరా. అది వాటికోసం కాదు, నాకోసం."

ఫిబ్రవరిలో తొట్టి ఫోటో పంపాడు. అడుగు దాకా వెలుగు దించే ప్రయత్నం మానేశాడు. పైన మామూలు ఎల్‌ఈడీలు, వెలుగు కావలసిన పగడాలు పైవరసలో. అడుగున రాళ్ళతో గుహలాంటిది పేర్చి నీడలో వదిలేశాడు. అందులో నారింజరంగు పూలలాంటివి ఉన్నాయి. సన్ కోరల్ అట. పేరు సూర్యుడిది, కాపురం చీకట్లో. దాని కండలో నాచు ఉండదు, వెలుగుతో పనిలేదు.

"భలే, మరి ఖర్చు తగ్గిందా?" అని మెసేజ్ పెట్టాను.

"లైట్ల ఖర్చు తగ్గింది. కానీ దీనికి తిండి మనమే పెట్టాలి. ఒక్కో నోటికీ, చేత్తో. మానేస్తే చచ్చిపోతుంది" అని జవాబు.

చీకట్లో ఉన్నవాళ్ళని చీకట్లోనే ఉండనివ్వడం గౌరవం అనుకుంటాం, చేతులు దులుపుకుంటాం. ఆ మెసేజ్ చదివాక అంత సులువుగా అనలేకపోతున్నాను.