మూకుడులోని నిన్నటి నూనె

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై సూర్యాపేట, కోదాడలలోను, బియ్యపు మిల్లుల మిర్యాలగూడలోను, తెల్లవారుచుండగనే పొయ్యి కెక్కిన మూకుడులో నిన్నటి నూనెయే నేడును కాగుచుండుట, బజ్జీ పడినంతనే నురుగు అంచుదాక పొంగుట, మనము చూచియు చూడనట్లు దాటిపోవు దృశ్యమే. మాటిమాటికి కాగిన నూనె గాలితోను తేమతోను చెడి, గుండెకును రక్తనాళములకును చేటుచేయు ధ్రువ సమ్మేళనములను పెంచుకొనును. అవి 25 శాతము మించిన నూనె వాడరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ విధించిన నియమము 2018 జూలై 1 నుండి అమలులో నున్నది. అంగడివానిని నిందించుట సులభమే గాని, నూనె ధర నెరిగినవారి కంత సులభము కాదు. ఇంట వేపుడు పిదప మిగిలినదానిని చల్లార్చి, వడగట్టి, మూతపెట్టి, ఒకటి రెండు దినములలో కూరకు వాడుడు. మరల వేపుటకు వలదు, క్రొత్తనూనెలో కలుపవలదు. నల్లబడి జిగటయైనచో సీసాలో పోసి పారవేయుడు, కాలువలో పోయకుడు. అట్టి నూనెను సేకరించి బయోడీజిలుగా మార్చు పథకమును ఆ ఆహార భద్రతా సంస్థయే 2018 ఆగస్టులో ఆరంభించినది.