బిడ్డను దానం ఇవ్వవచ్చునా?

దత్తతకు ప్రాణం దానం. ఇచ్చేవారు ఇవ్వాలి, పుచ్చుకునేవారు పుచ్చుకోవాలి. ఆ రెండూ జరగనిదే ధర్మశాస్త్రం ప్రకారమూ, ఇప్పటి హిందూ దత్తత చట్టం ప్రకారమూ దత్తత చెల్లదు. అయితే దానం చేయాలంటే ఆ వస్తువు మీద దాతకు ముందు స్వత్వం ఉండాలి. కన్నబిడ్డ మీద తల్లిదండ్రులకు అలాంటి స్వత్వం ఉందా? ఈ ప్రశ్నను మన శాస్త్రకారులు తప్పించుకోలేదు, ఒక్క మాట మీద నిలవనూ లేదు.

మీమాంసకులు దీన్ని యజ్ఞ సందర్భంలో చర్చించారు. విశ్వజిత్ యాగం చేసినవాడు తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇచ్చేయాలి. తనవాళ్లు అనుకునే తల్లిదండ్రులనూ బంధువులనూ కూడా ఇవ్వాలా అని సందేహం. ఎవరికి దేని మీద యాజమాన్యం ఉందో దాన్నే ఇవ్వగలరని జైమిని సూత్రాల ఆరో అధ్యాయం తేల్చింది. యాజ్ఞవల్క్య స్మృతి మరీ సూటిగా చెప్పింది: కుటుంబానికి ఇబ్బంది రాకుండా సొంత సొత్తును ఎవరికైనా ఇవ్వవచ్చు గానీ భార్యనూ బిడ్డనూ ఇవ్వరాదు. వసిష్ఠ ధర్మసూత్రం మాత్రం దీనికి ఎదురు నిలుస్తుంది. బిడ్డ దేహం తల్లిదండ్రుల వల్ల కలిగింది కనుక ఇవ్వడానికీ, అమ్మడానికీ, విడిచిపెట్టడానికీ వారికి అధికారం ఉందంటుంది. ఆ వెంటనే పగ్గాలు వేస్తుంది. ఒక్కగానొక్క కొడుకును ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. భర్త అనుమతి లేకుండా స్త్రీ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. బంధువులను పిలిచి, రాజుకు తెలియజేసి, ఇంటి నడుమ హోమం చేసి, దగ్గరి చుట్టాల బిడ్డను తీసుకోవాలి. ఆపదలో ఉన్న తల్లి గాని తండ్రి గాని ప్రీతితో నీళ్లు వదిలి ఇచ్చినవాడే దత్తుడని మనువు నిర్వచనం. అధికారం ఉందన్నవారు కూడా దాన్ని ఇంత భయంతో కట్టడి చేశారంటే, ఇందులో ఏదో ఇబ్బంది ఉందని వారికీ తెలుసుననే అనుకోవాలి.

ఆ ఇబ్బంది ఎలాంటిదో ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపుడి కథ చూపిస్తుంది. హరిశ్చంద్రుడు తన కొడుకు రోహితుణ్ణి వరుణుడికి బలి ఇస్తానని మొక్కుకున్నాడు. ఆకలితో ఉన్న అజీగర్తుడు తన ముగ్గురు కొడుకుల్లో నడిమివాడైన శునశ్శేపుణ్ణి రోహితుడికి బదులుగా నూరు ఆవులకు అమ్మాడు. మరో నూరు తీసుకుని కొడుకును తానే యూపస్తంభానికి కట్టాడు. ఇంకో నూరు తీసుకుని కత్తి పట్టాడు. దేవతలను స్తుతించి కుర్రవాడు బంధాలు విడిపించుకున్నాక తండ్రి తిరిగి రమ్మన్నాడు. వాడు వెళ్లలేదు. విశ్వామిత్రుడి ఒడిలో కూర్చుని ఆయననే తండ్రిగా ఎంచుకున్నాడు, దేవరాతుడయ్యాడు. విశ్వామిత్రుడికి ఉన్న నూట ఒక్క కొడుకుల్లో పెద్దవాళ్లు యాభైమంది ఈ కొత్త అన్నను ఒప్పుకోలేదు. వారి సంతతే శాపం వల్ల ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయ్యారని ఆ గ్రంథం చెబుతుంది. వైదిక వాఙ్మయంలో ఆంధ్రుల పేరు ఇలా ఒక దత్తత తగాదాలో వినిపించడం తెలుగువారు గుర్తుంచుకోదగిన సంగతి. ఈ కథలో అమ్మినవాడు కన్నతండ్రి. ఎంచుకున్నవాడు బిడ్డ. శాస్త్రం తర్వాతి కాలంలో మొదటివాడి అధికారాన్నే లెక్కలోకి తీసుకుంది, రెండోవాడి ఎంపికను దాదాపు మరిచిపోయింది.

మరవడానికి కారణం దత్తత ప్రయోజనంలోనే ఉంది. పితృఋణం తీరాలి, పిండోదకాలు ఆగకూడదు, వంశం నిలవాలి. ఇవన్నీ పెద్దల అవసరాలు, చనిపోయిన పెద్దల అవసరాలు కూడా. అందుకే దత్తుడు కన్నతండ్రి గోత్రాన్నీ ఆస్తినీ వదులుకుంటాడని, పిండం గోత్రాన్నీ ఆస్తినీ అనుసరించి పోతుందని మనువు విధించాడు. 17వ శతాబ్దంలో కాశీలో నందపండితుడు రాసిన ‘దత్తక మీమాంస’ దీన్ని ఇంకా బిగించింది. దత్తుడు ఔరసుడి, అంటే కన్నకొడుకు, ప్రతిబింబంలా ఉండాలట. తాను పెళ్లాడగల స్త్రీకి పుట్టినవాడే అలా ఉండగలడు కనుక చెల్లెలి కొడుకూ కూతురి కొడుకూ పనికిరారు. మేనరికం మామూలైన దక్షిణాదిలో ఈ నిషేధాన్ని ఆచారం పట్టించుకోలేదు, మద్రాసు హైకోర్టు కూడా ఆచారం వైపే నిలిచింది.

‘దత్తక మీమాంస’ 1821లో ఇంగ్లీషులోకి వచ్చాక తెల్లదొరల కోర్టులకు చేతిపుస్తకమైంది. రామనాథపురం జమీందారీ వ్యాజ్యంలో 1868లో ప్రివీ కౌన్సిల్, ద్రావిడ దేశంలో విధవ భర్త అనుమతి లేకపోయినా సపిండుల (దగ్గరి దాయాదుల) సమ్మతితో దత్తత చేసుకోవచ్చునంది. 1899లో బాలుసు గురులింగస్వామి వ్యాజ్యంలో, ఒక్కగానొక్క కొడుకును ఇవ్వరాదన్న వసిష్ఠుడి మాట హితవే గాని శాసనం కాదని, జరిగిన దత్తత చెల్లుతుందని తీర్పు చెప్పింది. దత్తతకు పునాది ఆస్తి కాదు, పితృదేవతల పట్ల ఉన్న మతధర్మమేనని 1933లో మరోసారి స్పష్టం చేసింది. ఈ తీర్పుల్లో ఎక్కడా పసివాడి మంచిచెడ్డలు ప్రశ్నగా రాకపోవడం ఇప్పుడు చదివేవారి మనసును కలుక్కుమనిపిస్తుంది.

తెలుగునాట రెడ్డి, కమ్మ కుటుంబాల ఇల్లరికపు ఆచారం ఈ మతసిద్ధాంతానికి బయట పెరిగింది. కొడుకులు లేని మామ అల్లుణ్ణి ఇంట ఉంచుకుని సేద్యంలో, సంసారంలో తోడు చేసుకుంటాడు. అల్లుడు కొడుకులా వాటా పొందుతాడు, పుట్టింటి ఆస్తి మీద హక్కూ పోదు. ఇందులో హోమం లేదు, గోత్రం మారదు. కుటుంబంలోకి ఒకరు రావాలంటే మరో కుటుంబం నుంచి తెగిపోవలసిన పని లేదని ఈ ఆచారం నిరూపించింది.

1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం పాత భవనాన్ని చాలావరకు మార్చింది. ఆడపిల్లను దత్తత చేసుకోవచ్చు. దత్తహోమం తప్పనిసరి కాదు. కులం ప్రసక్తి లేదు. భార్య సమ్మతి లేనిదే భర్త దత్తత చేసుకోలేడు. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం నేరం. ఒకసారి జరిగిన దత్తత రద్దు కాదు. 2010 సవరణతో వివాహిత కూడా భర్త సమ్మతితో సొంతంగా దత్తత చేసుకోగలుగుతోంది. కానీ పునాదిరాయి పాతదే. ఇచ్చిపుచ్చుకోవడం ఇప్పటికీ తప్పనిసరి. కొడుకు గాని మనవడు గాని మునిమనవడు గాని ఉంటే మరో మగబిడ్డను దత్తత చేసుకోకూడదన్న నియమం పిండాధికారపు లెక్క కాక మరేమిటి? అన్నిటికన్నా విచిత్రం తొమ్మిదో సెక్షన్. సంరక్షకుడు బిడ్డను ఇస్తే కోర్టు అనుమతి కావాలి, కోర్టు ఆ బిడ్డ శ్రేయస్సునూ ఇష్టాన్నీ విచారించాలి. తల్లిదండ్రులే ఇస్తే ఆ విచారణ లేదు. వసిష్ఠుడు ఇచ్చిన అధికారం ఇక్కడ చెక్కుచెదరకుండా ఉంది.

ఇస్లాం ఈ సమస్యను మరో కొస నుంచి చూసింది. పెంచుకున్న పిల్లలను వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవాలని ఖురాన్ 33వ సూరా ఆదేశం. అనాథను సాకడం గొప్ప పుణ్యం గానీ, వాడి పుట్టుకను చెరిపేయడం కూడదు. దత్తత పేరుతో పూర్వబంధం తెంచేయడం తప్పనే ఈ దృష్టిలో బిడ్డ గురించిన ఒక సత్యం ఉంది. హిందూ చట్టానికి అది చాలాకాలం పట్టలేదు.

మతంతో నిమిత్తం లేని దారి బాలల న్యాయ చట్టం వల్ల ఏర్పడింది. ఏ మతస్థులైనా ఈ చట్టం కింద దత్తత చేసుకోవచ్చునని షబ్నమ్ హష్మీ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, దాన్ని ప్రాథమిక హక్కుగా మాత్రం గుర్తించలేదు. ఇప్పుడున్న 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఇక్కడ దాత లేడు. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీ ఎదుట అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది. ఆ తర్వాతే కమిటీ బిడ్డను దత్తతకు అర్హమైనదిగా ప్రకటిస్తుంది. కోరుకునే దంపతులు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటారు, సామాజిక కార్యకర్త వారి ఇంటికి వచ్చి పరిశీలన నివేదిక రాస్తారు, వరుస క్రమంలో బిడ్డ వివరాలు వస్తాయి. అయిదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి అడగాలి. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వును కోర్టుకు బదులు కలెక్టరు ఇస్తున్నారు. తర్వాత రెండేళ్లపాటు ఆరునెలలకోసారి బిడ్డ ఎలా ఉందో చూసి రావాలి.

ఇంత తతంగం ఎందుకని విసుక్కునే దంపతులు ఉంటారు. ఏళ్ల తరబడి ఎదురుచూసే వారి బాధ నిజమైనదే. అయితే 1990ల చివర తెలంగాణలో లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు కొని దత్తత ఏజెన్సీలకు చేర్చిన వ్యవహారం బయటపడింది. ఆకలి, మూడో నాలుగో ఆడపిల్ల, మధ్యలో దళారి: అజీగర్తుడి బేరం అంత దగ్గరి కాలంలోనే జరిగింది. నియమాల్లో ప్రతి మెలికా అలాంటి బేరానికి అడ్డుకట్ట.

ఇంకా తేలని చిక్కు ఒకటి ఉంది. చట్టం పూర్వ సంబంధాన్ని తెంచుతుంది, వివాహ నిషేధాల విషయంలో మాత్రం 1956 చట్టం రక్తబంధాన్ని గుర్తుంచుకుంటుంది. మరి పెరిగిన బిడ్డ తన పుట్టుక తెలుసుకోగోరితే? ఇప్పటి దత్తత నిబంధనలు ఆ హక్కును ఒప్పుకుంటాయి. పద్ధెనిమిదేళ్లు నిండినవారు స్వయంగా, నిండనివారు పెంపుడు తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు చేసుకోవచ్చు. అడగవలసింది దత్తత వచ్చిన బిడ్డే, మూడో మనిషి అడగడానికి వీల్లేదు. తన పేరు చెప్పవద్దని అప్పగింత నాడు కోరిన తల్లి ఉంటే ఆమె ఇష్టాన్నీ గౌరవించాలి. ఈ ఇద్దరి హక్కులూ ఎదురుపడినప్పుడు ఎవరిది పైచేయి కావాలో వసిష్ఠుడి సూత్రమూ చెప్పదు, మనువూ చెప్పడు. వారి లెక్కలో ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ తప్ప అడిగేవారు లేరు.