ఒద్దికగా

పెండ్లిచూపుల దినమున తల్లి కూతునకు చెప్పు మాట, "ఒద్దికగా కూర్చో" అని. తలవంచుకొని, పయిట సవరించుకొని, అడిగినదానికి మాత్రమే బదులు చెప్పవలెనని ఆ బాలిక గ్రహించును. కుమారునితో ఆ మాట చెప్పెడి తల్లి అరుదు. వానికి "బుద్ధిగా ఉండు" మనుటతో సరి.

అయితే ఒద్దిక యనగా నిఘంటువులయందు మైత్రి, పొందిక యని యున్నది. దానిపై "గా" చేరినచో ఇతరులతో కూడి, పొసగి యని యర్థమేర్పడును. అణకువ యట్లు కాదు. అది అణగుట నుండి పుట్టినది. దానికి పైనొక బరువు కావలెను. ఒద్దికకు కావలసినది తోడు. ఒంటరిగా అణగియుండవచ్చును గాని, ఒంటరిగా ఒద్దికగా నుండుట యెట్లు? వాడుకలో ఈ రెండును కలిసిపోయినవి. కలిపినవారు పెద్దలే, వారికది అనుకూలము కనుక.

అణకువ బసవేశ్వరుడు బోధించిన గుణమే కదా యని కొందరనవచ్చును. నిజమే. కాని ఆయన బిజ్జలుని కొలువున భండారి. అంతటి అధికారముండియు, లోకము తక్కువవారని త్రోసివేసిన శరణుల యెదుట తాను వంగెను. పైనున్నవాడు తనకై తాను వంగుట అణకువ. క్రిందివానిని వంచుట అణచుట. ధాతువొక్కటే, ధర్మము వేరు. శరణులు ఎదురుపడినప్పుడు "శరణు శరణార్థి" యని ఇరువురును అందురు. ఒక్కరి తలయే వంగదు. ఇష్టలింగము స్త్రీకిని పురుషునికిని సమానము. అక్కమహాదేవి కౌశికుని విడిచి కల్యాణమునకు వచ్చినప్పుడు అల్లమప్రభువు ఆమెను నిశితముగా ప్రశ్నించెనని సంప్రదాయము. ఆమె మౌనము వహింపలేదు. ప్రశ్న ప్రశ్నకును సమాధానము చెప్పి శరణుల మన్నన పొందినది. బిడ్డలకు ఆ తల్లి పేరు పెట్టుకొనువారు ఆమె మాటను మాత్రము వారికియ్యరు!

నెల్లూరు జిల్లాలో దూబగుంట స్త్రీలు తమ యూర సారా అమ్మకమును మాన్పించిరి. ఆ వృత్తాంతము అక్షరాస్యతా వాచకమున "ఆడవాళ్లు ఏకమైతే" అను పాఠమైనది. ఏకమగుట, ఒద్దిక, ఒక్క భావమే. ఆ పాఠము చదివిన గ్రామములలో ఉద్యమము వ్యాపించి, 1992లో స్త్రీలు సారా వేలములనే అడ్డుకొనిరి. అధికారుల యెదుట గుంపుగా నిలిచి గొంతెత్తిన ఆ యిల్లాండ్రు కొందరి కంటికి ఒద్దిక లేనివారుగా తోచియుండవచ్చును. నిఘంటువు ననుసరించినచో వారు నిలిచినది ఒద్దికగానే. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను.