గాజుతొట్టిలో మత్స్యన్యాయం

మా ఇంటి వసారాలో గాజుతొట్టి ఒకటి ఖాళీగా పడి ఉన్నది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. సుమారు ఏబది లీటర్ల నీరు పడుతుంది. "తాతయ్యా, ఇందులో ఏ చేపలు వేద్దాం?" అని నా మనుమరాలు అడిగి నెల దాటినది. అంగడికి పోయి, రంగులు చూచి, తెచ్చి వేయవలసిన దానికి ఇంత ఆలోచన యెందుకని ఇంటివారు నవ్వుతున్నారు. నేను నవ్వలేకుండా ఉన్నాను.

కారణమున్నది. వెనుక ఒకమారు ఇదే తొట్టిలో రెండు ఏంజెల్ చేపలను, మూడు టైగర్ బార్బులను కలిపి వేసినాను. అన్నీ ఒకే మేత తింటాయి కనుక అన్నీ కలిసి బ్రతుకుతాయని అమ్మినవాడు చెప్పినాడు. నాకును ఆ తర్కము సుఖముగానే తోచినది. నాలుగు దినములలో ఏంజెల్ చేపల పొడవైన రెక్కలు పేలికలైనవి. వారము తిరుగకుండా ఒకటి చచ్చినది. బార్బులు దుష్టజాతి అని తీర్పు చెప్పి ఊరుకొన్నాను. ఆ చేప గుంపుతో బ్రతికేదని, ఆరింటికి తక్కువ కాకుండా ఉంటే తమలో తామే తరుముకొంటూ ఇతరుల జోలికి అంతగా పోదని పిమ్మట తెలిసినది. నేను మూడే ఎందుకు కొన్నాను? చూపునకు మూడు చాలుననిపించినది. అంతే.

బలము గలది బలము లేనిదానిని మింగుటకు మన పెద్దలు మత్స్యన్యాయమని పేరు పెట్టినారు. దండమును ధరించేవాడు లేనిచోట ఇదే నడుస్తుందని అర్థశాస్త్రము చెప్పుతుంది. పాపము, చేపలనెవరూ సాక్ష్యమడుగలేదు. మా రాయపూరులో బూఢా తలాబ్ ఉన్నది. అందులోనూ పెద్దచేప చిన్నచేపను మింగుతుంది. కాని తరుమబడినదానికి నాచున్నది, బురద ఉన్నది, అన్నిటికంటె ముఖ్యముగా దూరమున్నది. గాజుతొట్టిలో పారిపోయినది నాలుగు బారలలో తరిమినదానికే మరల ఎదురుపడుతుంది. కరచే గుణము చేపదే కావచ్చు, తప్పించుకొనే దారిని మూసినది మాత్రము నేను. పైగా ఈ రాజ్యములో దండము పనిచేయదు. బార్బును శిక్షించి బుద్ధి చెప్పగలవాడెవడు? ఏలిక చేయగల న్యాయమంతా చేపలను నీటిలో వదలక ముందే, ఏవి కూడునో ఏవి కూడవో ఎంచుకొనుటలోనే ముగిసిపోతుంది.

శతపథ బ్రాహ్మణములో మనువు చేతులు కడుగుకొనే నీటిలో ఒక చేపపిల్ల దొరుకుతుంది. చిన్నతనములో చేపను చేపే మింగుతుంది, నన్ను కాపాడుమని వేడుకొంటుంది. అందరికీ ఆ పైని వచ్చే జలప్రళయమే జ్ఞాపకము. నాకు నడిమి భాగము మీదనే మనసు నిలుస్తుంది. మనువు దానిని కుండలో పెట్టినాడు. కుండ చాలకపోగా గొయ్యి త్రవ్వినాడు. గొయ్యి చాలకపోగా సముద్రమునకు చేర్చినాడు. కుండలో పెట్టిననాడే అతడు గొయ్యికి బాకీపడినాడు.

పొందిక అనేది దేనిచేత కలుగుతుంది? ఒకే దేశమువగుటచేత కాదు. ఏంజెల్ చేప, నియాన్ టెట్రా రెండును అమెజాన్ నీటివే, అయినను ఎదిగిన ఏంజెల్ నియాన్‌ను మింగుతుంది. సాధుత్వముచేతనూ కాదు. బంగారు చేప ఎవరినీ కరవదు. కాని అది చల్లని నీటి జీవి, తిండి మెండు, విసర్జనము మెండు. దానివలన నీటిలో అమ్మోనియా చేరుతుంది. మా ఊరి మే నెల ఎండ నలుబదియైదు డిగ్రీలు ముట్టినప్పుడు వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. వైరము లేకుండానే అది చస్తుంది, తోడివారిని చంపుతుంది.

"కుదరకపోతే చెరువులో వదలివేయరాదా?" అన్నాడొక మిత్రుడు. దయవలె వినిపించే మాట. దక్షిణ అమెరికానుండి వచ్చి, తొట్టెల గోడలు నాకే పనికి పెంచబడిన సక్కరు చేప తెలుగు నేలపై చెరువులకెక్కి జాలరుల వలలను చింపుతున్నది. మన కంటికి కనబడకపోయినంత మాత్రాన కలహము తీరదు. ఎవరూ ఎంచని ప్రాణుల నడుమ సాగుతుంది.

అట్లయితే తొట్టి ఖాళీగానే ఉండనిమ్మని అదే మిత్రుడు అన్నాడు. ఈ మాటకు నావద్ద పూర్తి సమాధానము లేదు. పిల్లకు బ్రతికిన చేపను చూపవలెనని కోరిక, అంతకుమించి చెప్పుకొనుటకేమీ లేదు.

తుదకు ఒకే జాతిని, జీబ్రా చేపలను పదింటిని, ఎంచినాను. 1822లో హామిల్టన్ గంగానది చేపల గ్రంథములో వర్ణించిన మన దేశపు చేప. నెమ్మదిగా పారే వాగులలో, వరిమళ్ల కాలువలలో తిరిగేది. వ్రేలెడు పొడవైనా ఉండదు. "ఇవి మన పొలం కాలువలో చేపలే కదా తాతయ్యా!" అని మనుమరాలు మూతి ముడుచుకొన్నది. ఇంకను తేలేదు. మలినమును హరించే సూక్ష్మజీవులు గులకరాళ్లపై నెలకొనుటకు కొన్ని వారములు పడుతుంది. అందాక ఆ పిల్ల ఉదయమే వచ్చి, చేపలు లేని నీటిలో చిటికెడు మేత వేసి, చూచి పోతున్నది. వడ్రంగిచేత ఒక జాలీ మూత చేయించవలసి ఉన్నది. ఈ చేపలు పైకెగిరి దూకుతవి.